ఇంటిల్లిపాదికి ఇంపైన శాకభోజనము

(మన సంఘ వార్షిక మహాసభయందు నూజివీటిలో చేసిన ప్రసంగ పాఠము)



విద్యానిధి, విద్యార్థి వసతిగృహము, వివాహవ్యయముల తగ్గింపు మొదలగు గురుతర విషయములపై పెద్దలు ప్రసంగించిన యీ వేదికమీద మా వంతునకు వచ్చినది వంటయిల్లు. కార్యదర్శిగారు ఈ విషయము నొసగినపుడు, ముప్పదియైదేండ్లు బాలురచే శబ్దమంజరి వల్లెవేయించిన మాకు పప్పు పులుసులతో నేమి పనియని కొంత సంకోచించితిమి. అయినను తుద కంగీకరించితిమి. అందులకు కారణము మా యింటనే పుట్టినది. దానిని దాపరికము లేక చెప్పి, అందువలన మేము నేర్చుకొన్న నాలుగు మాటలు మీ ముందుంచుటయే యీ ప్రసంగోద్దేశము.

మొదటనే యొక మనవి. మేము మాంసాహారమును నిందించుటకై నిలువలేదు. మన కుటుంబములలో పెక్కింట ఆదివారమునాడు కోడికూరయో, వేటమాంసమో, చేపల పులుసో వండుదురు. అది వారి వారి యభిరుచి. మేము చెప్పబోవునది మిగిలిన దినములను గూర్చి. వారమున నాలుగైదు దినములైనను, పిల్లలు మొదలు ముదుసళ్లవరకు ఇష్టముతో భుజింపదగిన కూరగాయల భోజనమును మనము వండుకొనజాలమా? ఇదియే ప్రశ్న.

కొన్ని సంవత్సరముల క్రిందట మా గృహిణి పెరటిలో బట్టలు ఆరవేయుచు కన్నులు తిరిగి కూలబడినది. వైద్యులు రక్తపరీక్ష చేయించి, రక్తహీనతయని నిర్ణయించి, మాత్రలిచ్చి, ఆకుకూరలు పప్పులు విరివిగా తినుమనిరి. మాకు ఆశ్చర్యము కలిగెను. పాడియున్నది, పెరడున్నది, ధాన్యమునకు కొదువలేదు. ఇట్టి యింట రక్తము తక్కువగుట యేమి? అప్పుడు మొట్టమొదటిసారి మేము మా వంటయింటి వంక పరికించి చూచితిమి. మనుమలకు వేపుడు, కుమారునకు మసాలా కూర, మాకు కారము తగ్గించిన పప్పు. ఇట్లు ఒక్కొక్కరికొక గిన్నె వండి, అందరికి వడ్డించి, అందరు లేచిన పిదప ఆమె మిగిలిన యన్నములో మజ్జిగ పోసికొని ఆవకాయ బద్దతో ముగించుచుండెను. ముప్పదియైదేండ్లు తరగతిలో హాజరుపట్టీ పిలిచిన మేము, మా యింటి పంక్తిలో ప్రతిదినము గైరుహాజరగుచున్న మనిషిని గమనింపమైతిమి.

మా కోడలు శ్రద్ధ గలది. అత్తగారికని ప్రత్యేకముగ తోటకూర యుడికించి పెట్టెను. ఆమె రెండు దినములు తినెను. మూడవనాడు గిన్నె ప్రక్కకు జరిపి, "అందరికీ ఒకటి, నాకొకటీ అయితే నాకు గొంతు దిగదమ్మా" అనెను. మేము పథ్యప్రాశస్త్యమును గూర్చి బడిపంతులు ధోరణిలో ఉపదేశము మొదలిడితిమి. అంతట కోడలు తల వంచుకొని మెల్లగా, "మామయ్యగారూ, మీరు తోటకూర ముట్టి ఎన్నాళ్లయింది? పిల్లలు మిమ్మల్ని చూసే గిన్నె జరుపుతున్నారు" అనెను. మాకు బదులు తోపదయ్యెను. ఆమె చెప్పినది సత్యము. నాటినుండియే మా యింట నొక మార్పు ఆరంభమైనది.

ఇది మా యొక్క యింటి కథయే యైనచో ఈ సభలో చెప్పదగదు. కాని 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలను పరీక్షింపగా నూటికి 50 మందికి మించి రక్తహీనత గలవారని తేలినది. అన్నపూర్ణయని పేరొందిన ఆంధ్రదేశమున అన్నము వండు తల్లులకే రక్తము చాలకుండుట మనకు గౌరవప్రదము గాదు.

ఇక, కూరగాయలు మన పిల్లలకేల రుచింపవు? ఒక్క విషయము యోచింపుడు. ఆదివారము కోడికూర వండునపుడు మన యిండ్ల జరుగు సంబరమెట్టిది? ఉదయముననే అల్లము వెల్లుల్లి నూరుదురు. ధనియములు, గసగసాలు వేయింతురు. ఉల్లిపాయలను ఎఱ్ఱబడువరకు ఓపికతో వేపుదురు. ముక్కకు ఉప్పుకారము పట్టుటకై ముందుగనే కలిపి యుంతురు. ఇంటి యజమానుడే రెండు మూడు పర్యాయములు వంటయింటిలోనికి తొంగిచూచి రుచి పరీక్షించును. మరునాడు బీరకాయ గతి యేమి? బడికి వేళయైనది, ఆఫీసుకు వేళయైనది యను తొందరలో నాలుగు ముక్కలు కోసి, నీటిలో నుడికించి, ఇంత కారము చల్లి దింపుదురు. పిమ్మట, "పిల్లలు కూరగాయలు తినరు" అని ఫిర్యాదు! ఆదివారపు శ్రద్ధలో సగము సోమవారమునకిచ్చి చూడుడు. లోపము బీరకాయదియో, మనదియో తేలిపోవును.

మఱియొక కారణము కలదు. జ్వరము తగ్గిననాడు బీరకాయ, వ్రతమునాడు అరటికాయ, చేతిలో డబ్బు లేని నెలాఖరున తోటకూర. ఇట్లు కూరగాయను మనము పథ్యమునకును, నియమమునకును, లేమికిని గుర్తుగా చేసితిమి. పథ్యముగ వడ్డించినదానిని ఎవ్వరును మరల అడిగి తినరు. విందుగ వడ్డింపవలెను. మేము చెప్పదలచిన దానికంతకు సారమిదియే.

విందుగ వండుటకు మన పెద్దలే దారి చూపినారు. ఉలవచారునే చూడుడు. ఎడ్లకు ఉలవలు ఉడికించి పెట్టు కాపు గృహములందు, వార్చిన ఆ నీటిని పారబోయక, చింతపండు వేసి, నిదానముగ చిక్కబడువరకు మరిగించి, తాలింపు పెట్టి, పైన మీగడ వేసికొని భుజించిరి. పశువుల దాణానుండి వచ్చిన కట్టు నేడు పెండ్లి విందులలో నగ్రస్థానమున నున్నది. ఇందున్నది ధనము గాదు. ఓపిక, మంట తగ్గించి కాచుకొనుట, రుచియెడ గౌరవము. గుత్తివంకాయయు నట్టిదే. వంకాయ చవుక వస్తువు. ధనియములు, సెనగపప్పు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి పొడిచేసి, కాయను నాలుగుగ చీల్చి కూరి, నూనెలో మగ్గించినచో, పండుగనాటి కూర యగును. కాకరకాయ చేదనువారు చక్రములుగ కోసి, ఉప్పు రాచి, కొంతసేపటికి పిండి, చింతపండు పులుసు, బెల్లముతో వండి చూడవలెను. కొంచెము చేదు నిలిచియే యుండును, ఉండవలెను గూడ. షడ్రసములలో తిక్తము నొకటిగ మన పూర్వులు ఊరక చేర్పలేదు. ఉగాదినాడు వేపపువ్వు తినుట మనకు తెలియనిది గాదు గదా!

పాకకార్యము స్త్రీలకే విధింపబడినదని తలచు సోదరులకు ఒక మాట. అమరకోశమున వంటవానికి చెప్పిన పేళ్లలో మొదటిది సూపకారుడు. సూపమనగా పప్పు. పప్పు వండుట తెలిసినవాడే మొదట వంటవాడనిపించుకొనెను. నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున నుండెను; భీముడు వలలుడను పేర విరాటరాజు వంటశాలలో నుండెను. వంటకు గొప్ప పేరు తెచ్చిన యీ యిరువురును పురుషులే, రాజవంశీయులే. వారికి తగని సిగ్గు మనకెందులకు? మేము అఱువది దాటిన పిదప కూర తఱుగుట నేర్చుకొంటిమి. వేలు రెండుసార్లు తెగినది. పరువు మాత్రము తెగలేదు.

ఇక మన సీమ భాగ్యమును గూర్చి చెప్పుకొందము. మన నూజివీడు 2022 ఏప్రిలునుండి ఏలూరు జిల్లాలో చేరినను, రుచికి మనము నేటికిని కృష్ణాజిల్లావారమే. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, సువర్ణరేఖ, కలెక్టరుకాయ మన తోటలలో కాచును. సంస్కృతమున మామిడికి రసాలమని పేరు. మనము పండ్లబుట్ట చూచి "రసాలు వచ్చినవి" అందుము. ఇట్లు నిఘంటువును సంతను ఒక్కచోట చేర్చిన వృక్షమిది. అయితే మామిడియనిన మనకు పండు, ఎగుమతి, బేరము, ఆవకాయ జాడీ యివియే తోచును. నిత్యభోజనమున శాకములకు రుచినిచ్చు పులుపుగ దానిని మనము చాలినంత వాడుకొనుట లేదు.

ఆకుకూరకు ప్రాణము పులుపు. ప్రకృతి మనకు సంవత్సరము పొడుగున నేదో యొక పులుపు సమకూర్చియే యున్నది. ఫాల్గుణమున మామిడి పిందె; చైత్రవైశాఖములందు ముదిరిన కాయ; వేసవిలోనే లేత చింతచిగురు; వానకాలమున గోంగూర, చుక్కకూర; కార్తికమున ఉసిరిక; పుష్యమున చింతకాయ; నిమ్మపండు ఎల్లప్పుడును. గాలివానకు రాలిన కాయలు చవుకగ పోవును. వానిని ముక్కలు కోసి ఎండబెట్టి ఒరుగులు చేసి దాచుకొనినచో, శ్రావణభాద్రపదములందును మామిడికాయ పప్పు తినవచ్చును. ఒక చిన్న కిటుకు. పులుపుతో కలిపి ఉడికించిన పప్పు త్వరగా మెత్తబడదు. కందిపప్పును ముందు మెత్తగ నుడికించి, మామిడి ముక్కలను తోటకూరతో వేరుగ మగ్గించి, ఆ పిమ్మట రెంటిని కలుపవలెను. ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయ, వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువలతో తాలింపు పెట్టినంతనే ఆ వాసన వీధి గుమ్మమువరకు వచ్చి అందరిని పిలుచును.

ఈ కూర్పు రుచికొఱకే గాదు, ఆరోగ్యమునకును మేలైనది. ఆకుకూరలలోని యినుము మాంసములోని యినుమువలె సులభముగ ఒంటబట్టదు. సి విటమిను గల పుల్లని పదార్థము తోడైనచో అది యెక్కువగ గ్రహింపబడును. పచ్చిమామిడి, నిమ్మ, ఉసిరిక యందులకు తగినవి. ఎక్కువసేపు మరిగించిన నీ విటమిను నశించును గావున, నిమ్మరసమును పొయ్యిమీదనుండి దింపిన పిదపనే పిండవలెను. భోజనముతోడనే కాఫీ, టీ సేవించిన నా యినుము ఒంటబట్టుట కడ్డుపడును. కొంత వ్యవధి యుంచుట మంచిది. ఉలవలు, పెసలు మొలకెత్తించి వాడుటయు మేలు. అన్నమున లైసీనను మాంసకృత్తుల యంశము తక్కువ. పప్పున నది యెక్కువ. పప్పున కొఱతపడు మిథియోనీను అన్నమున కలదు. ఒకదాని లోపమును మఱియొకటి తీర్చుచున్నది. పప్పన్నము పెండ్లివిందునకు పర్యాయపదమగుట ఎంత యుచితము!

ఆకుకూరల ప్రసంగమున మన తెలుగువారొకరిని స్మరింపక తీరదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనములు సాగించిరి. ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలయందు తయారుచేసెను. రక్తవృద్ధికి, ముఖ్యముగ గర్భవతులకు, ఆవశ్యకమైన యీ విటమిను పేరునకు మూలము ఆకు అను నర్థము గల లాటిను పదము. మన పెరటి తోటకూరలో నున్న వస్తువు పేరే ఆకు పేరు! వైద్యుడిచ్చిన మాత్రను మానుమని మేము చెప్పుట లేదు. మాత్రయు మింగవలెను, ఆకును తినవలెను.

శాకాహారమునందలి యొక లోపమునుగూడ దాచరాదు. బి12 అను విటమిను మొక్కలనుండి లభింపదు. పాలయందును పెరుగునందును కొంత కలదు. కావున మాంసము, గుడ్లు పూర్తిగ మానినవారు పాలు పెరుగులను మానరాదు. కాళ్లకు తిమ్మిరులు, మానని నీరసము గలవారు పరీక్ష చేయించుకొనవలెను. శ్రద్ధాభక్తులు వేరు, శరీరధర్మము వేరు.

మఱి ఒక్క వంటతో ఇందరినెట్లు మెప్పించుట? ఇల్లాండ్రు మమ్ము తప్పక అడుగు ప్రశ్న యిది. మా కోడలు కనిపెట్టిన యుపాయము చెప్పెదము. గిన్నె యొక్కటియే, తాలింపులు రెండు. పప్పునందు కారము వేయక దింపి, పిల్లలకును మాకును నేతిలో జీలకర్ర తాలింపు; తక్కినవారికి ఎండుమిరపకాయ, వెల్లుల్లి తాలింపు. కరకరలాడునది యేదైన నున్నగాని పిల్లలకు పంక్తి పంక్తిగాదు గావున వడియములో, అప్పడములో యుండును. నువ్వులపొడి, కందిపొడి సీసాలు ఎదుటనే యుండును. మధుమేహము గలవారికి వేరు వంట యక్కరలేదు. అన్నము తగ్గించి, కూర హెచ్చించి వడ్డించిన చాలును. రక్తపుపోటు గలవారు ఊరగాయ ముక్కను రుచికి మాత్రమే ముట్టవలెను. ఈ విధమున నాలుగు వంటల పని యొక్క వంటలో తీరినది. మిగిలిన కాలమున వండినవారుకూడ పంక్తిలో కూర్చుండగలిగిరి.

రెండవ యుపాయము పిల్లలకు పని చెప్పుట. మా చిన్న మనుమడు ఆకుకూర పేరెత్తిన ముఖము త్రిప్పుకొనెడివాడు. ఒక వేసవిలో వానిని వెంటబెట్టుకొని పోయి చింతచిగురు కోయించితిమి. పుల్లలు ఏరించితిమి. నాడు భోజనవేళ వాడే వంటయింటి గుమ్మమున నిలిచి, "నా పప్పు అయిందా?" అని యడిగెను. "నా పప్పు" అను ఆ మాటతో మా పని సగము తీరినది. తాను ఏరిన ఆకును పిల్లవాడు పారవేయడు.

మూడవది సహపంక్తి. దీనిని మేము బడిలో కన్నులార చూచితిమి. మన రాష్ట్రమున 2003 జనవరినుండి బడులలో మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. అడిగినవారికి లేదనక అన్నము పెట్టిన లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారి పేరు 2024లో ఆ పథకమునకుంచినారు. మేము పనిచేసిన పాఠశాలకు ఆ భోజనము వచ్చినపుడు, "మావాడు ఇంటిలో కూర ముట్టడండీ" అని తల్లులు చెప్పిన పిల్లలే, తోటివారి ప్రక్కన కూర్చుండి ఆకుకూర పప్పు కలిపికొని తినుట కనుగొంటిమి. ప్రక్కవాడు తినుచున్నాడు, ఎదుటివాడు తినుచున్నాడు, అయ్యవారుకూడ అదియే తినుచున్నారు. ఇక వానికి మాత్రము బెట్టెందులకు? ఇంటిలో ఒక్కొక్కరు ఒక్కొక్క వేళ, చేతిలో ఫోను పట్టుకొని తినునపుడు ఈ బలము కలుగదు.

చిరకాలపు అలవాటుచొప్పున మేము మా యింటి గోడకు వారపు పట్టికయొకటి వ్రాసి అంటించితిమి. సోమవారము తోటకూర మామిడి పప్పు. మంగళవారము గుత్తివంకాయ, పెసరకట్టు. బుధవారము దోసకాయ పప్పు, బీరకాయ పచ్చడి. గురువారము గుమ్మడి, ములగ, బెండ ముక్కలతో పులుసు, కందిపచ్చడి. శుక్రవారము మునగాకు వేపుడు, ఉలవచారు. శనివారము పులిహోర, మజ్జిగ పులుసు. కాలమునుబట్టి కూరలు మారుచుండును. వారమున నొకనాటి వంట పిల్లలు కోరినది. "నేడేమి వండుదును?" అను నిత్యచింత తీరుటయే పెద్ద లాభమని మా యింటి స్త్రీలు చెప్పుదురు.

ఆరునెలల తరువాత మా గృహిణికి మరల రక్తపరీక్ష చేయించితిమి. వైద్యులు సంతోషించిరి. అది మాత్రల ఫలమో, ఆకుకూరల ఫలమో, అందరితో కలసి వేడియన్నము తినిన ఫలమో మేము విభజించి చెప్పజాలము. ఆమె నడిగితిమి. "మీరు తోటకూర తింటుంటే చూడడమే నాకు బలం" అని నవ్వెను.

మహాశయులారా! మేము కోరునవి నాలుగే. వారమున నాలుగు దినములైనను ఇంటిల్లిపాదికిని ఒక్కటే శాకభోజనము వండుడు. దానిని విందువలె వండుడు. వండిన తల్లి కూర్చుండనిదే ఇంటిలో ఎవ్వరును ముద్ద ఎత్తకుడు. పురుషులు కత్తిపీట యొద్ద కొక దినమైన కూర్చుండుడు. ఇక సంఘ పోషకులకొక విన్నపము. మన వసతిగృహమున విద్యార్థులకు పెట్టు కూరను నెలకొకసారి మీరే వచ్చి వారి ప్రక్కన కూర్చుండి తినుడు. చందాలతో గోడలు లేచును. పంక్తిలో కూర్చుండినగాని కూర రుచి బాగుపడదు.

మరికొంతసేపటిలో మధ్యాహ్న భోజనమునకు గంట కొట్టుదురు. నేటి విస్తరిలో మామిడికాయ పప్పు ఉన్నదని వంటశాలనుండి వచ్చు వాసన చెప్పుచున్నది. ఒక్క ప్రార్థన. వంటచేసిన తల్లులను, వడ్డించు బాలికలను తుది పంక్తికి విడువక, మొదటి పంక్తిలోనే మన ప్రక్కన కూర్చుండబెట్టుకొందము. వడ్డన మేమును, మాతోడి ముసలి పంతుళ్లును చేసెదము.